ఒకే డబ్బా, రెండు రంగులు: నీళ్ల స్టెయిన్ చెక్క మీద ఎలా పనిచేస్తుంది

ఒకే డబ్బాలోని ‘వాల్‌నట్’ స్టెయిన్ టేకు స్టూలు మీద వేస్తే నిండుగా పడుతుంది. అదే పైన్ చెక్క టీపాయ్ మీద వేస్తే ఒకచోట నల్లగా, పక్కనే పాలిపోయినట్టు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. డబ్బా మీద ‘గంటలో ఆరుతుంది’ అని ఉంటుంది. నవంబరు ముసురులో వేలచ్చేరి ఫ్లాటు బాల్కనీలో పొద్దున వేసింది సాయంత్రానికి కూడా వేలికి చల్లగా తగులుతూనే ఉంటుంది. చెన్నైలో చిన్న ఫ్లాట్లలో ఉండేవాళ్లు థిన్నర్ వాసన ఉండదని నీళ్ల స్టెయిన్ వైపు మొగ్గుతున్నారు. అది సబబే. కానీ పెయింటు వేసిన అలవాటుతో స్టెయిన్ వేస్తే చాలాసార్లు బెడిసికొడుతుంది. పెయింటు చెక్కను కప్పేస్తుంది, కింద ఏముందో దానికి పట్టదు. స్టెయిన్‌ విషయంలో రంగును తేల్చేది కింద ఉన్న చెక్కే. డబ్బా మీది పేరుకంటే చెక్క రకం, దాన్ని రుద్దిన తీరు, ఆ రోజు గాలిలో తేమ, ఈ మూడూ ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

పెయింటు, స్టెయిన్, పాలిష్: ఏది ఏ పని చేస్తుంది

స్టెయిన్ చెక్కలోకి ఇంకి దాని రంగు మారుస్తుంది. చారలు కనబడుతూనే ఉంటాయి. చెక్కను కాపాడే గుణం మాత్రం దానికి దాదాపు లేదు. నీళ్లు, గీతలు, వేడి తట్టుకోవాల్సింది దాని మీద వేసే పారదర్శకమైన పూత. పాలిష్, వార్నిష్, లక్కర్, పీయూ (పాలీయురెథేన్) అని మనం పిలిచేవన్నీ ఆ కోవలోవే. స్టెయిన్, వార్నిష్ కలిపేసిన డబ్బాలు కూడా దొరుకుతాయి. వాటిలో రంగు చెక్కలోకి పెద్దగా దిగదు, పూతలోనే ఉండిపోతుంది. అందుకే గీత పడితే కింద తెల్ల చెక్క బయటపడుతుంది.

నీళ్ల స్టెయిన్‌లో ఉండేవి ప్రధానంగా మూడు: నీళ్లు, రంగు, ఆ రంగును చెక్కకు అతికించే బంక. ఈ బంక సాధారణంగా ఆక్రిలిక్. రంగు రెండు రకాలుగా ఉంటుంది. పిగ్మెంట్ అంటే నీళ్లలో కరగని మెత్తటి పొడి. ఇది చెక్క రంధ్రాల్లో, శాండ్‌పేపర్ చేసిన గీతల్లో కూర్చుంటుంది. గోధుమ, ఎరుపు, పసుపు ఛాయలకు ఎక్కువగా వాడే ఐరన్ ఆక్సైడ్లు ఎండకు అంత తొందరగా వెలవవు. డై అంటే పూర్తిగా కరిగిపోయే రంగు. ఇది నారలోకే వెళ్తుంది, చారలు తేటగా కనిపిస్తాయి, కానీ కిటికీ పక్కన ఎండ పడేచోట త్వరగా వెలుస్తుంది. రెడీమేడ్ డబ్బాల్లో ఎక్కువ భాగం పిగ్మెంటువే. అడుగున చిక్కటి ముద్ద పేరుకుంటే అది పిగ్మెంటే అనుకోవచ్చు. ఆ ముద్దను పుల్లతో అడుగంటా కలపకుండా పైపైన తీసి వాడితే స్టూలు కాళ్లు లేతగా, చివర్లో వేసిన పై పలక ముదురుగా వస్తాయి.

ఇంకొకటి. స్టెయిన్ చెక్కను ముదురు చేయగలదు, లేత చేయలేదు. నల్లబడ్డ రోజ్‌వుడ్ పీటను లేత ఓక్ రంగులోకి తేవడం ఏ డబ్బా వల్లా కాదు. చెక్క సొంత రంగు కూడా లెక్కలోకి వస్తుంది. పసుపు ఛాయ ఉన్న పైన్ మీద నీలం స్టెయిన్ వేస్తే ఆకుపచ్చగా తిరుగుతుంది. షాపులో చూపించే కార్డు ఏ చెక్క మీద వేసి తీసిన రంగో అడిగి తెలుసుకోవడం అందుకే.

అది చెక్కేనా, దాని మీద ఏముంది?

సన్‌మైకా మీద స్టెయిన్ నిలవదు. చెక్క పొడిని బంకతో అదిమి చేసే ఎండీఎఫ్ మీద ముద్దగా పడుతుంది, అంచులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. వెనీర్ (పలుచటి అసలు చెక్క పొర) వేసిన ప్లైవుడ్ మీద బాగానే పడుతుంది. కానీ అలంకారానికి అతికించే ఆ వెనీర్ మందం సాధారణంగా అర మిల్లీమీటరు, చాలాసార్లు అంతకంటే తక్కువ. 80 నంబరు శాండ్‌పేపర్‌తో (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) నాలుగుసార్లు గట్టిగా రుద్దితే అంచుల దగ్గర కింది పొర బయటపడుతుంది, ఇక దిద్దుబాటు లేదు. గుర్తుపట్టాలంటే అంచు చూడాలి. పై పలకలోని చార అంచు మీదుగా దిగి పక్కకు కొనసాగితే నిండు చెక్క, అంచు దగ్గర తెగిపోయి వేరే గీత మొదలైతే వెనీర్.

తర్వాత పాత పూత. నీటి చుక్క వేసి చూస్తే అది ముత్యంలా నిలబడుతుందా, ఇంకుతుందా అన్నది తెలుస్తుంది. నిలబడితే స్టెయిన్ కూడా అలాగే నిలబడి తుడుచుకుపోతుంది. ఆ పూత ఏమిటో తేల్చడానికి పాలిష్ పనివాళ్లు కనబడని మూల ఎంచుకుని దూదితో పరీక్షిస్తారు. స్పిరిట్ తగలగానే జిగటగా మారితే లక్క పాలిష్. స్పిరిట్‌కు చెక్కుచెదరక లక్కర్ థిన్నర్‌కు మెత్తబడితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్. రెండింటికీ కదలకపోతే మెలమైన్ లేదా పీయూ. లక్క పాలిష్‌ను స్పిరిట్‌తోనే తుడిచేయొచ్చు, మెలమైన్‌ను మాత్రం చాలా వరకు గీకి, రుద్ది తీయాల్సిందే.

పాత రంగు వేసిన సామాను విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగులో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో నేల మీదే కూర్చుంటుంది, పాకే పిల్లల చేతులకు అంటుతుంది. అలాంటి దాన్ని రిమూవర్‌తో గానీ, తడిపి రుద్దే వాటర్‌పేపర్‌తో గానీ తీయడం మేలు. అనుమానం ఉంటే ఆ పీటను స్టెయిన్ లెక్కలోంచి తప్పించేయడమే నాకు సబబుగా తోస్తుంది.

తడి తగలగానే నూగు లేవడం ఎందుకు

నీళ్ల స్టెయిన్ మీద వచ్చే మొదటి ఫిర్యాదు ఇదే: నున్నగా రుద్దిన పలక రంగు వేయగానే గరుకైపోయింది. శాండ్‌పేపర్ చెక్క నారను కోస్తుంది, కొంత నారను మాత్రం కోయకుండా అణిచి పడుకోబెడుతుంది. నీళ్లు తగలగానే ఆ పడుకున్న పోగులు ఉబ్బి నిక్కుతాయి. ఆరాక వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే సన్నటి నూగు కనిపిస్తుంది. నూనె స్టెయిన్‌లో ఇది దాదాపు ఉండదు, నూనెకు నార ఉబ్బదు.

దీనికి మందు స్టెయిన్ కంటే ముందే నూగు లేపేయడం. ఆఖరి రుద్దుడు అయ్యాక గుడ్డను నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, చెక్కంతా ఒకసారి తుడుస్తారు. పూర్తిగా ఆరనిచ్చి, 220 లేదా 240 నంబరు వాడిన కాగితంతో బరువు వేయకుండా రెండు మూడుసార్లు నార వాటంగా లాగుతారు. లేచిన పోగులు తెగాలి, అంతే. గట్టిగా రుద్దితే కొత్త నార తేలి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈ తడిగుడ్డ చేసే రెండో మేలు చాలామంది గమనించరు. తడి ఉన్న ఆ ఒకటి రెండు నిమిషాల్లో చెక్క మీది లోపాలన్నీ బయటపడతాయి. అతుకుల దగ్గర ఫెవికాల్ జారి ఆరినచోట తడి ఇంకక లేత మచ్చగా కనబడుతుంది. అడ్డంగా పడ్డ గీతలు నల్లగా తేలతాయి. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే స్టెయిన్ వేశాక తలపట్టుకునే పని ఉండదు. లప్పం పెట్టిన మేకు గుంతలు కూడా అప్పుడే కనిపిస్తాయి. ఆరిన లప్పం చెక్కలా రంగు పీల్చదు. స్టెయిన్ పడుతుందని ప్యాకెట్ మీద రాసి ఉన్నా, రంగు కలిపిన లప్పం వాడటమే నయం.

ఏ నంబరు దాకా రుద్దాలన్న దాని మీద పనివాళ్లలో రెండు మాటలున్నాయి. 320 దాకా వెళ్తేనే నునుపు అనేవాళ్లు కొందరు, 180 దగ్గర ఆపమనేవాళ్లు మరికొందరు. రెండింటికీ ఆధారం ఉంది. పిగ్మెంట్ కూర్చోవడానికి గీతలు కావాలి. 320తో రుద్దిన పలక అద్దంలా ఉంటుంది, కానీ పొడి నిలవడానికి చోటు తక్కువ, రంగు లేతగా వస్తుంది. ఈ గుణాన్నే మనకు పనికొచ్చేలా తిప్పుకోవచ్చు. చెక్కను అడ్డంగా కోసిన చివర స్ట్రాల కట్టను నిలువునా పట్టి చూసినట్టు ఉంటుంది, రంగును లోపలికి లాగేసి నల్లబడుతుంది. కాబట్టి పలకలను 180 దగ్గర ఆపి, కోసిన చివరలను మాత్రం 320 దాకా రుద్దితే రెండూ దగ్గర దగ్గర రంగుకు వస్తాయి. 80 నుంచి ఒక్కసారిగా 220కి దూకితే మాత్రం 80 చేసిన లోతు గీతలు అలాగే ఉండి స్టెయిన్‌తో నల్లగా తేలతాయి. 80, 120, 180 వరసలో వెళ్లడం అందుకే.

చెక్కను బట్టి స్టెయిన్ నడవడి

పైన్‌లో మెత్తటి భాగం, గట్టి భాగం పక్కపక్కనే ఉంటాయి. మెత్తనిది తాగేస్తుంది, గట్టిది తోసేస్తుంది. మామిడి చెక్కలో కూడా నార మెలికలు తిరిగిన చోట్ల ఇదే ఇబ్బంది. స్టెయిన్‌కు ముందు కండిషనర్ వేయడమంటే తాగే చోట్లను ముందే సగం నింపడం. దానికి బదులు పలుచటి లక్క ద్రావణం వాడేవాళ్లూ ఉన్నారు. 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 6 గ్రాముల లక్క రేకులు కరిగించి, మైనం అడుగుకు దిగాక పైతేట వంచుకుని ఒక్క చేయి, అంటే ఒక్క పూత, వేస్తారు. గంట ఆగి 320తో తేలికగా రుద్దుతారు. రెంటికీ నష్టం ఒకటే. రంగు లేతబడుతుంది, రెండో చేయి స్టెయిన్ కావాల్సి వస్తుంది. ముదురు రంగు కోరేవాళ్లకు ఇది నచ్చదు. మచ్చలు ఒప్పుకోలేని వాళ్లకు వేరే దారి లేదు.

టేకు సంగతి వేరు. దాని నూనె గుణం నీళ్లను కాస్త తోసేస్తుంది. స్టెయిన్ వేసేముందు స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆరీ ఆరగానే రంగు వేస్తే బాగా పట్టుకుంటుంది. మంచి చేవ ఉన్న టేకుకు అసలు స్టెయిన్ ఎందుకన్న వాదన పాత పాలిష్ పనివాళ్లలో బలంగా ఉంది. చేవ పలక పక్కనే తెల్ల చెక్క పలక వచ్చినచోట ఆ తేడా కప్పడానికి తప్ప, టేకు మీద స్టెయిన్ వద్దన్న పక్షమే నాదీ.

తుమ్మ చెక్కతో ఇంకో చిక్కు. తుమ్మ బెరడును తోళ్లు ఊనడానికి వాడతారంటే అందులోని టానిన్ వల్లే. టానిన్, ఇనుము, తడి కలిస్తే నల్లటి మరక పుడుతుంది. అందుకే నీళ్ల స్టెయిన్ పనిలో స్టీల్ ఊల్ పనికిరాదు. దాని పోగులు చెక్కలో ఇరుక్కుని రెండో రోజుకు నల్ల చుక్కలు, తుప్పు చుక్కలు లేస్తాయి. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ లాంటి నైలాన్ ప్యాడే వాడాలి. పాత మేకుల చుట్టూ అప్పటికే నలుపు ఉంటే అది స్టెయిన్‌తో పోదు, ఆక్సాలిక్ ఆమ్లంతో ముందే తీయాలి.

చెన్నై గాలి పెట్టే లెక్క

నీళ్ల స్టెయిన్ వేసి, ఒకటి నుంచి మూడు నిమిషాల్లో ఎక్కువైంది తుడిచేయాలి. తుడిచే లోపే ఆరితే, ఒక చేయి మీద ఇంకో చేయి పడినచోట ముదురు పట్టీ తేలుతుంది. మే నెల కత్తిరి ఎండల్లో, సముద్రపు గాలి తిరగకముందు వీచే పడమటి పొడిగాలికి ఇది మరీ ఎక్కువ. అప్పుడు ఫ్యాను ఆపి, ఒక్కొక్క ముఖం ముగించుకుంటూ పోవాలి. స్టెయిన్‌లో కొద్దిగా, పదో వంతు మించకుండా, నీళ్లు కలపడానికి డబ్బా ఒప్పుకుంటే కలపొచ్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో దీనికి తలకిందులు. తుడవడానికి తీరుబడి దొరుకుతుంది, కానీ ఆరదు. ఇక్కడే ‘ఆరింది’ అన్న మాటకు రెండు అర్థాలు వస్తాయి. పైన తడి లేకపోవడం ఒకటి, చెక్క లోపలి నీళ్లు బయటికి పోవడం ఇంకొకటి. పైది చూసి పూత వేస్తే లోపలి తేమ చిక్కుకుని పూత పాలపొరలా తెల్లబడుతుంది. అరచేయి వెనకభాగం ఆనించి చూస్తే, చల్లగా తగిలితే ఇంకా నీళ్లు పోతున్నట్టే. గాలిలో తేమ 80 శాతం దాటిన రోజు డబ్బా చెప్పిన గడువును మూడు నాలుగు రెట్లు చేసుకోవడం, లేదా పని వాయిదా వేయడం తెలివైన పని. పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా తేమ కాస్త తగ్గుతుంది, వేయాల్సింది అప్పుడే.

ఏసీ గది కూడా ఈ లెక్కలో భాగమే. 75 శాతం తేమ ఉన్న గాలిలో చెక్క తన బరువులో దాదాపు 14 శాతం నీళ్లతో నిలకడకు వస్తుంది. 50 శాతం తేమకు అది 9 దాకా దిగుతుంది. టేకు పలక వెడల్పులో ఒక్కో శాతం నీటికి దాదాపు 0.2 శాతం కుంచించుకుంటుంది. వరండాలో రంగు వేసిన 30 సెంటీమీటర్ల పలకను ఏసీ గదిలో పెడితే 5 శాతానికి 3 మిల్లీమీటర్ల దాకా తగ్గొచ్చన్నమాట. గాడిలో కూర్చున్న తలుపు పలక అయితే ఆ మేర రంగు పడని తెల్ల గీత బయటికొస్తుంది. గాడి లోపలి దాకా రంగు తగిలేలా, పలకను ఒక పక్కకు జరిపి వేసుకోవాలి.

ఒక స్టూలుకు ఎంత పడుతుంది

పై పలక 30×30 సెంటీమీటర్లు, మందం 2.5. నాలుగు కాళ్లు, ఒక్కోటి 4×4 మందం, 45 పొడవు. నాలుగు అడ్డకర్రలు, 2×4 మందం, 22 పొడవు. పలక రెండు ముఖాలు, అంచులు కలిపి 0.21 చదరపు మీటర్లు. కాళ్లు 0.29. అడ్డకర్రలు 0.11. మొత్తం సుమారు 0.6. లీటరుకు 10 చదరపు మీటర్ల లెక్కన ఒక చేయికి 60 మిల్లీలీటర్లు, రెండు చేతులకు 120. గుడ్డ తాగేసేది, పరీక్ష ముక్కకు పోయేది కలుపుకున్నా 200 మిల్లీలీటర్ల డబ్బా సరిపోతుంది. పై పూత మూడు చేతులకు ఇంకో 180 కావాలి. రంగులు కలిపి సొంత ఛాయ చేసుకునేవాళ్లు ఒకే కంపెనీవి, సూదిలేని సిరంజితో కొలిచి, కావాల్సినదంతా ఒకేసారి కలపాలి. సగంలో అయిపోతే అదే ఛాయ మళ్లీ రావడం కష్టం.

నూనె స్టెయినా, నీళ్ల స్టెయినా

నూనె స్టెయిన్ పక్షాన చెప్పేవాళ్ల మాటలు బలమైనవే: తుడవడానికి తీరుబడి ఎక్కువ, నూగు లేవదు, రంగు లోతుగా, వెచ్చగా కనిపిస్తుంది. దానికి తగ్గ చిక్కులున్నాయి. వాసన రోజుల తరబడి ఉంటుంది. దాని మీద నీళ్ల పూత వేయాలంటే రెండు మూడు రోజులు, ముసురులో అంతకుమించి ఆగాలి. అవిసె నూనె ఉన్న స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం నిజమైనది, వాటిని పరిచి ఆరబెట్టాలి. నీళ్ల స్టెయిన్‌కు ఆ భయం లేదు, బ్రష్ కుళాయి కింద కడిగితే చాలు. అయితే నీళ్లది అనగానే రసాయనాలే లేవనుకోకూడదు. గ్లైకాల్ జాతి సహద్రావకాలు అందులోనూ ఉంటాయి, కిటికీ తెరిచే వేయాలి. ఫ్లాటులో, చిన్న సామానుకు, పిల్లలున్న ఇంట్లో నీళ్లదే నయం. పెద్ద భోజనాల బల్లకు మాత్రం అనుభవం లేని చేతికి నూనెదే సులువు.

ముగ్గు, పేరు, రెండు రంగులు

పూజ పీట మీద చుక్కల ముగ్గు, పిల్లల స్టూలు మీద పేరు వేయించుకోవాలన్న ముచ్చట చాలామందికి ఉంటుంది. మాస్కింగ్ టేపు అంటించి స్టెయిన్ వేస్తే అంచు చెదురుతుంది. టేపు చెక్క పైన గట్టిగానే అంటుకుంటుంది, కానీ రంగు కింద నార రంధ్రాల గుండా పాకిపోతుంది. తిన్నటి గీత కావాలంటే పదునైన కత్తితో అర మిల్లీమీటరు లోతు గీత కోసి, ఆ గీతకు టేపు అంచు పెడతారు. తెగిన నార దగ్గర రంగు ఆగుతుంది.

ముగ్గుకు ఇంకా అందమైన పద్ధతి రంగును ఆపేయడం. లేత చెక్క మీద చిక్కటి లక్కతో (100 మిల్లీలీటర్ల స్పిరిట్‌కు 25 గ్రాములు) 1వ నంబరు గుండ్రటి బ్రష్‌తో ముగ్గు వేసి, రెండు గంటలు ఆరబెడతారు. తర్వాత పీటంతా స్టెయిన్ పూసి వెంటనే తుడిస్తే లక్క ఉన్నచోట రంగు ఎక్కక ముగ్గు చెక్క రంగులోనే తేలుతుంది. తుడవడం ఆలస్యమైతే లక్క మీద కూడా ఆక్రిలిక్ బంక అతుక్కుంటుంది. పేరుకు ఈ పద్ధతే మేలని ఇంకో కారణంతో చెప్పొచ్చు. స్టెన్సిల్ కోస్తే ‘ఠ’ లాంటి మూసుకున్న సున్నాల లోపలి ముక్క రాలిపోతుంది, వంతెనలు వదలాలి, అప్పుడు అక్షరం తెగినట్టు ఉంటుంది. బ్రష్‌తో రాస్తే ఆ బాధ లేదు.

పై పూత, ఆ తర్వాతి నెల

నీళ్ల పీయూ మూడు చేతులు, చేతికి చేతికి మధ్య రెండు మూడు గంటలు, పొడిగా ఉన్న రోజున. డబ్బాను ఊపితే బుడగలు పుట్టి పూతలో నిలిచిపోతాయి, మెల్లగా కలపాలి. బ్రష్ నైలాన్‌ది కావాలి, సహజమైన వెంట్రుకల బ్రష్ నీళ్లు తాగి మెత్తబడుతుంది. మొదటి చేయి వేసేటప్పుడు బ్రష్ అటూ ఇటూ ఆడిస్తే ఆరిన స్టెయిన్ కూడా కొంత కరిగి చారలుగా కదులుతుంది. ఒకే దిక్కులో లాగి వదిలేయాలి. ఆ చేయి మీద 400తో ఊరికే తాకినట్టు రుద్దాలి, అంచుల మీద అసలు రుద్దకూడదు, అక్కడ రంగు లేచిపోయి తెల్ల గీత వస్తుంది. నీళ్ల పీయూ పసుపు తిరగదు. లేత చెక్కకు అది లాభం, టేకు లాంటి దానికి కాస్త జీవం లేనట్టు అనిపించొచ్చు. మైనం తీసిన లక్క ఒక చేయి ముందు వేస్తే ఆ వెచ్చదనం వస్తుంది.

మర్నాటికి చేతికి గట్టిగా తగిలినా పూత పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈ లోపల పొగలు కక్కే కాఫీ దవరా నేరుగా పెడితే తెల్లటి వలయం పడుతుంది. తడి గుడ్డతో గట్టిగా తుడవడం, మీద పీవీసీ షీటు పరచడం కూడా అంతే చేటు. షీటులోని మెత్తదనం ఇచ్చే రసాయనం పూతలోకి దిగి రెండూ అతుక్కుపోతాయి. బరువైనది ఏదైనా పెట్టక తప్పకపోతే ఫెల్ట్ ముక్కలు అంటించి పెట్టాలి. వారానికోసారి ఎత్తి చూసి, ఫెల్ట్ అచ్చు పడుతుంటే పూత ఇంకా గట్టిపడలేదని అర్థం చేసుకోవాలి.